రక్తానికి నాసిక్, మోకాళ్ళకు ఇటలీ

డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయినా నాకు ఉద్యోగం దొరకలేదు. గద్వాలలో మా ఇంట్లో మగ్గం ఉంది. నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పావుగంటకే తిమ్మిరెక్కేది. అలాంటి రోజుల్లో, రెండువేల నాలుగో ఐదో సంవత్సరం, పేపర్లో ఒక ప్రకటన చూశాను. బెంగళూరులోని ఒక వైన్ కంపెనీకి మా జిల్లాలో తిరిగే మనిషి కావాలట. ఇంగ్లీషు రావాలి, బండి ఉండాలి. ఇంగ్లీషు నాకు వచ్చు. బండి మా మేనమామకు ఉంది. దరఖాస్తు పెట్టాను.

ఇంటర్వ్యూలో మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు తాగుతావా?"

"లేదు సార్. అలవాటు లేదు."

పోయిందీ ఉద్యోగం అనుకున్నాను. ఆయన పక్కనున్నాయన వైపు తిరిగి, "నాలుక ఇంకా పాడుకాలేదు, తీసుకుందాం" అన్నాడు.

మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, గుండ్రంగా తిప్పాలి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడాలి, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఉమ్మిన తర్వాత ఏమేం తెలిశాయో చెప్పాలి. నేర్పేవాడు కళ్ళు మూసుకుని చెర్రీ, పొగాకు, తోలు, వానకు తడిసిన రాయి అని వరుసగా చెప్పుకుపోయేవాడు. చెర్రీ అంటే బేకరీ కేకు మీద పెట్టే ఎర్రటి వాక్కాయ ముక్క అనే నాకు తెలుసు. తెల్ల వైన్ ఇచ్చి నన్ను అడిగితే నిజమే చెప్పాను. పడుగుకు పట్టించే గంజి రెండో రోజుకు పులిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉందన్నాను. ఆయన అది కాగితం మీద రాసుకుని, కాసేపు చూసి, కొట్టేశాడు.

నాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇచ్చారు. ఆ మూడే ఎందుకని అడిగితే, మ్యాప్‌లో నదికి దగ్గరగా కనబడ్డాయని, ఫ్రాన్సులో మంచి తోటలన్నీ నదుల పక్కనే ఉంటాయని మేనేజరు చెప్పాడు. ఆ ఊళ్ళలో ద్రాక్షతోటలు లేవు సార్, ఉన్నది పల్లీ చేన్లు, ఆముదాలు అన్నాను. తోటలతో మనకేం పని, మనం అమ్మేవాళ్ళం అన్నాడు.

ఇంట్లో మాత్రం ద్రాక్షరసం కంపెనీ అని చెప్పాను. నాన్న ఒకరోజు నా సంచిలోంచి ఎర్ర వైన్ సీసా తీసి, మగ్గం పక్కనున్న కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ రంగు కొంగుకు మస్తుగుంటది" అన్నాడు. "ఉతికితె పోతదా?"

"తెల్వదు నాయినా."

"నీ కంపెనీ సార్లను అడుగు. పట్టుకు పట్టిస్తే ఎట్లుంటదో." సీసా తిరిగి సంచిలో పెట్టేశాడు. ఆయన దాన్ని తాగే వస్తువుగా చూడనే లేదు.

మా వైపు మందు దుకాణాలన్నిటి మీదా పెద్ద అక్షరాలతో 'వైన్స్' అని రాసి ఉంటుంది. లోపల బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు ఉంటాయి, వైన్ ఒక్కటే ఉండదు. నేను మొదట వెళ్ళిన గద్వాల దుకాణం యజమాని నా కార్డు చదివి, తల ఎత్తి పైనున్న తన బోర్డు చూసి, మళ్ళీ కార్డు చూశాడు.

"వైన్స్‌కు వచ్చి వైన్ అమ్ముతవా? ఏంది తమ్మీ, మజాక్ చేస్తున్నవా?"

"లేదన్నా. ఇది ద్రాక్షపండ్లతోని చేసేది. అసలు వైన్ అంటె ఇదే."

"మరి నేను పదేండ్ల సంది అమ్మేదేంది?"

నేను సీసా ఆయన ముందుకు జరిపాను. ఆయన సీసా చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఎక్కుతదా?"

"బీరుకంటె జర ఎక్కువ, బ్రాందీకంటె తక్కువ."

"రెంటి నడిమిట్ల ఉన్నదాన్ని ఎవడు కొంటడు?" అన్నాడు. అయినా మర్యాదకు ఒకటి తెరవమన్నాడు. సీసా మూతికి బిరడా ఉంది. బిరడా తీసే తిప్పుడు సాధనం నేను ఇంట్లో మరిచిపోయాను. పక్క సైకిల్ షాపు నుంచి స్క్రూడ్రైవర్ తెప్పించి ఆయనే పొడిచాడు. బిరడా లోపలికి పోయి, వైన్ పైకి చిమ్మి, ఆయన తెల్లచొక్కా మీద పడింది. నాన్న అడిగినదానికి అలా సమాధానం దొరికింది. ఉతికినా పోలేదట.

వనపర్తిలో నేను తిండికి తగ్గ వైన్ సిఫారసు చేయడం మొదలుపెట్టాను. మటన్‌కు ఎర్రది, చేపలకు తెల్లది అని కంపెనీ ఇచ్చిన పుస్తకంలో పట్టిక ఉండేది. దుకాణం ముందు నిలబడిన ఒకాయన అంతా ఓపిగ్గా విని, "మరి ఉత్త మిర్చిబజ్జీలే ఉంటె ఏం తాగాలె సార్?" అని అడిగాడు. పట్టికలో మిర్చిబజ్జీ లేదు. బెంగళూరుకు ఫోన్ చేశాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. మిర్చిబజ్జీకి గులాబీరంగు వైన్ బాగుంటుందని, అయితే అది మన దగ్గర లేదని.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. మూడు ఊళ్ళలో కలిపి ఒక పెట్టె కూడా సరిగా పోలేదు. ఉద్యోగం ఈ నెలతో సరి అనుకుంటుండగా నాగర్‌కర్నూల్ దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. ఎర్రవి పది పెట్టెలు, తెల్లవి నాలుగు పెట్టెలు కావాలట. తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. "జల్ది పంపు తమ్మీ, జనం వాపస్ పోతుండ్రు" అన్నాడు యజమాని.

మరుసటి ఉదయమే బండి వేసుకుని వెళ్ళాను. దుకాణం ముందు రోజూ కనబడే మనుషులు కాదు నిలబడింది. పెద్దమనుషులు, కొంగు కప్పుకున్న ఆడవాళ్ళు, ఒకరిద్దరు ముసలివాళ్ళు చీటీలు పట్టుకుని ఉన్నారు. చీటీ ఒకటి తీసుకుని చూశాను. నీలి సిరాతో, 'నాసిక్ ఎరుపు, పొద్దున రెండు చెంచాలు, అన్నం తిన్నంక' అని రాసి ఉంది.

రాసింది సందులో దవాఖాన నడిపే ఆర్‌ఎంపీ. పట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి వచ్చాడు. అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. నేను ఎవరో తెలియగానే లేచి కుర్చీ వేశాడు.

"మీ సరుకు మస్తు పనిచేస్తుంది సార్" అన్నాడు.

"దేనికి సార్?"

"రక్తానికి. ఎర్రది తాగితె ఎర్ర రక్తం పడుతది. గది చిన్నపిల్లలు గూడ చెప్తరు. తెల్లది మొకం తేటగ అయ్యేతందుకు. పెండ్లి కుదిరిన పిల్లలకు నెల ముంగట సంది చీటీ రాస్తున్న."

"నాసిక్ అనే ఎందుకు రాశారు?"

"అది నల్లరేగడి భూమి గదా, బలమెక్కువ. బెంగళూరు దిక్కు గుట్టలల్ల పండే తెల్లది చల్వ చేస్తది. మీ సీసా మీదనే ఉన్నది గదా ఊరి పేరు." ఆయన నా కంటే శ్రద్ధగా సీసాల మీది కాగితాలు చదివాడు. "ఇంక వేరే దేశాలవి ఏమన్న ఉన్నయా?"

ఇటలీది ఒకటి ఉందన్నాను. ఇటలీ ఎక్కడుందని అడిగితే, శిక్షణలో చూపించినట్టే, ఆయన చీటీల పుస్తకంలో గీసి చూపించాను. దేశం బూటు ఆకారంలో ఉంటుందని చెప్పాను. ఆయన ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఇటలీ వైన్‌కు ఆర్డరు వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు చీటీ రాస్తున్నాడు.

నేను అప్పుడే కాదనవలసింది. దుకాణదారుతోనైనా చెప్పవలసింది. చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత మేనేజరు మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు, అమ్మకు ఆ నెల కొత్త కళ్ళద్దాలు కొన్నాను. రెండు చెంచాలే కదా, ఎవరికేం అవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆర్డర్లు మొదలైన మూడో నెలకు బెంగళూరులో కలకలం రేగింది. మా ప్రాంతమంతటిలో పెద్ద పట్నాల తర్వాత వైన్ ఎక్కువ పోతున్నది నాగర్‌కర్నూల్‌లోనే. అక్కడి జనానికి ఇంత అభిరుచి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి కంపెనీ తన రుచి నిపుణుణ్ణి పంపుతోందని మేనేజరు ఫోన్‌లో చెప్పాడు. "తాగేవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టు. వాళ్ళ మాటల్లోనే వినాలట."

కూర్చోబెట్టడానికి నాకు తెలిసిన చోటు ఒక్కటే. డాక్టర్ సాబ్ దవాఖాన వరండా.

నిపుణుడు ఎండాకాలంలో కోటు వేసుకుని దిగాడు. పొడుగు మనిషి. కారులో అంతదూరం కూర్చుని వచ్చి నడుం పట్టేసినట్టుంది, వంగి నడుస్తున్నాడు. పెట్టెలోంచి ఇరవై గాజు గ్లాసులు తీసి బల్ల మీద పేర్చాడు. పదకొండు గంటలకు జనం వచ్చారు, ఎవరి చెంచా వాళ్ళు తెచ్చుకున్నారు. నిపుణుడికి తెలుగు రాదు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను.

ముందుగా ఆయన గ్లాసు తిప్పి, వాసన చూసి, గుక్క పుక్కిలించి పక్కనున్న బకెట్లో ఉమ్మాడు. వరండా అంతా గొల్లున నవ్వింది.

"ఆయనకు పడలేదా ఏంది?" అని ఒక ముసలాయన అడిగాడు.

"లేదు పెద్దయ్యా, గట్లనే చూస్తరు. మీరు గూడ గట్లనే ఉమ్మాలట."

"మందు ఉమ్మితె రోగమెట్ల పోతది?" అన్నాడాయన. అందరూ అవునన్నారు. ఆ మాట నిపుణుడికి ఎలా చెప్పాలో తోచక, "చుక్క కూడా వదులుకోరట" అని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి.

ఇటలీ వైన్ తాగేవాళ్ళలో కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు. ఎలా ఉందో చెప్పమన్నాను.

"శురువుల మంచిగనే ఉన్నది సార్. లేస్తున్న, కూసుంటున్న. నడుమ మటుకు పట్టేస్తది. జరసేపయినంక ఇడుస్తది."

నేను ఒక్క మాట కూడా మార్చలేదు. మొదట్లో బాగుందట, మధ్యలో పట్టేస్తుందట, కాసేపటికి వదులుతుందట అని ఇంగ్లీషులో చెప్పాను. నిపుణుడు కుర్చీలో ముందుకు జరిగాడు. "మధ్యలో పట్టు! సరిగ్గా అదే దీని లక్షణం. పదేళ్ళుగా తాగేవాళ్ళు కూడా ఇంత కచ్చితంగా చెప్పలేరు" అంటూ పుస్తకంలో రాసుకున్నాడు.

పక్కనున్న ఆమె తనకు ఎసిడిటీ ఉందంది. అది తర్జుమా చేయవలసిన పని కూడా పడలేదు, ఆ మాట ఆయనకే వినబడింది. "తెల్లదానిలో పులుపు ఎక్కువైందని నేనూ మొదటి నుంచీ అంటున్నాను" అని ఆమెకు నమస్కారం పెట్టాడు. ఇంకొక ఆమె తన బిడ్డ మొకం మీద మెరుపు వచ్చిందని, పెండ్లివాళ్ళు కూడా అన్నారని చెప్పింది. 'మెరుపు' అని చెప్పాను. ఆయన ఆ మాట కింద రెండు గీతలు గీశాడు.

ఆ రోజు వరండాలో వైన్‌ను వైన్‌గా రుచి చూసిన మనిషి ఒక్కడే. మన్ననూర్ నుంచి దగ్గుకు మందు కోసం వచ్చిన అడవి కాపలా మనిషి. జీవితంలో ఎప్పుడూ దాన్ని చూడలేదట. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇప్పపువ్వు ఎండబోసినంక దానిమీద జల్లు పడితె ఒక వాసన వస్తది. గది ఉన్నది దీంట్ల. కింద జర కాలిన ఆకు గూడ ఉన్నది" అన్నాడు.

నేనూ వాసన చూశాను. నిజంగానే ఉంది. శిక్షణలో మూడు రోజులు వెతికినా నాకు దొరకనిది, ఆయన చెప్పగానే దొరికింది. ఎంతో సంతోషంగా నిపుణుడికి వివరించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అలాంటి వాసన జాబితాలో లేదు. ఈయన ఏదో చెప్పాలని చెబుతున్నాడు. తరువాతి మనిషిని పిలువు."

తరువాత వచ్చింది ఒక తల్లి. వెనకాల ఆమె కూతురు, పదమూడేళ్ళుంటాయేమో. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, వరండా మెట్టు ఎక్కడానికే ఆయాసపడింది. తల్లి చేతిలో నాసిక్ సీసా సగం ఖాళీ అయి ఉంది.

"సార్, నువ్వు కంపెనీ సారువు గదా. దినాం రెండు చెంచాలు పోస్తున్న. ఇంక ఎన్ని దినాలకు రక్తం పడుతది బిడ్డకు?"

నిపుణుడు, "ఏమడుగుతోంది?" అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుందని" అన్నాను. రక్తం మాట వదిలేశాను.

"ఓ, ఎన్నాళ్ళు నిలవ పెడతామనా? చాలా మంచి ప్రశ్న. పద్దెనిమిది నెలలు అని చెప్పు." చెబుతూ ఆమెకు అర్థం కావాలని చేతివేళ్ళన్నీ చూపించి, మళ్ళీ ఎనిమిది వేళ్ళు చూపించాడు.

ఆమె వేళ్ళు లెక్కపెట్టుకుంది. "పద్దెన్మిది దినాలా?"

"నెలలు" అన్నాడు వెనకనుంచి దుకాణం యజమాని. ఆయనకు ఆ పాటి ఇంగ్లీషు వచ్చు.

ఆమె ముఖం వాడిపోయింది. కూతురు వైపు చూసి, "ఏడాదిన్నర పోస్త సార్. పోస్త. అప్పటిదాంక బాగుంటదా ఇది?" అంది.

ఇక నాకు ఆగలేదు. "అమ్మా, దీంతోని రక్తం పట్టదు" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. "ఇది ఉత్త ద్రాక్షసారా. పిల్లకు పొయ్యొద్దు. సర్కారు దవాఖానకు తీస్కపో, రక్తం చూసి గోళీలిస్తరు, ఊకెనే ఇస్తరు. నడువు, నేనే వస్త."

అందరూ డాక్టర్ సాబ్ వైపు చూశారు. తిడతాడనుకున్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. లేచి నిలబడి, "చూసిండ్రా? కంపెనీ సారే చెప్తుండు" అన్నాడు. "అందరి ఒంటికి ఒక్కటే మందు పడదు. నేను గూడ గదే చెప్పేటోణ్ణి. గోళీలు గావాల్సినోళ్ళకు గోళీలు, ఇది గావాల్సినోళ్ళకు ఇది." జనం తలలూపారు. నా మాట అక్కడ అలా కలిసిపోయింది.

నిపుణుడు ఏమైందని అడుగుతున్నా వినకుండా తల్లీకూతుళ్ళను బండి మీద ఎక్కించుకున్నాను. సర్కారు దవాఖానలో రెండు గంటలు పట్టింది. పిల్ల వేలు గుచ్చి రక్తం చూసిన నర్సమ్మ తల్లిని గట్టిగా తిట్టింది. ఆ తిట్లన్నీ నాకు తగలవలసినవి. తలవంచుకుని నిలబడ్డాను. ఎర్రటి గోళీలు పొట్లం కట్టి ఇచ్చారు. తల్లి ఒకటి చేతిలోకి తీసుకుని, "ఎర్రగనే ఉన్నయి" అని కాస్త ధైర్యం తెచ్చుకుంది.

తిరిగి వరండాకు వచ్చేసరికి నా ఉద్యోగం ఉండదనే అనుకున్నాను. నిపుణుడు కోటు విప్పి బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. డాక్టర్ సాబ్ ఆయన నడుం మీద ఏదో తైలం రుద్దుతున్నాడు. చుట్టూ రోగులు కూర్చుని ఎలా రుద్దాలో చెబుతున్నారు. ఆయన భాష వాళ్ళకు తెలియదు, వాళ్ళ భాష ఆయనకు తెలియదు, అందరూ మాట్లాడుతున్నారు. లేచిన తర్వాత నిపుణుడి జేబులో నీలి సిరా చీటీ కనబడింది. ఇటలీది, రాత్రి అన్నం తిన్నంక అని రాసి ఉంది. ఆయన దుకాణానికి వెళ్ళి తమ కంపెనీ సీసానే కొనుక్కుని కారెక్కాడు.

నెలరోజుల తర్వాత బెంగళూరు నుంచి ఆయన నివేదిక నకలు వచ్చింది. అందులో నాగర్‌కర్నూల్ ప్రజలు మితంగా, క్రమం తప్పకుండా, ప్రతి గుక్కనూ గౌరవిస్తూ తాగుతారని రాశాడు. అనువాదకుడు మధ్యలో లేచి వెళ్ళిపోయినా చర్చకు ఎలాంటి ఇబ్బందీ కలగలేదని కూడా రాశాడు. దాంతో పాటు నాకు జీతం పెంచుతూ ఒక ఉత్తరం.

ఆ ఉత్తరం రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాను. మూడోరోజు నాన్న దగ్గర కూర్చుని, ఇది ద్రాక్షరసం కాదని, ఇన్నాళ్ళూ నేనేం అమ్మానో, ఎవరికి ఎలా అమ్ముడుపోయిందో అంతా చెప్పాను. ఆయన మగ్గం మీద అటూ ఇటూ నాడె విసరడం ఆపకుండానే విన్నాడు.

"పిల్లకెట్లున్నది ఇప్పుడు?" అని ఒక్కటే అడిగాడు.

తెలియదన్నాను. తెలుసుకుని రమ్మన్నాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఆ తల్లి కనబడింది, పండ్లబండి పెట్టుకుంది. పిల్ల బడికి పోతోందట, మెట్లు తనే ఎక్కుతోందట. గోళీలు ఒక్కరోజు కూడా తప్పలేదంది.

"మరి ఆ సీసల మిగిలింది పారబోసినవా అమ్మా?"

"ఎందుకు పారబోస్త సార్? మా ఆయన తాగిండు." ఆమె నవ్వింది. "గోళీలు పిల్ల మింగింది, గది ఆయన తాగిండు. ఇద్దరికి రక్తం పట్టింది."

జామకాయలు నాలుగు సంచిలో వేసి ఇచ్చింది. వాటిని తింటూ బస్టాండులోనే కూర్చుని కంపెనీకి రాజీనామా రాశాను. కారణం అనే చోట ఆరోగ్యం అని రాశాను.